రాయి ఉన్న కిడ్నీ

"ఏ వైపమ్మా రాయి? ఎడమా, కుడివైపా?"

స్కానింగ్ గది బయట బెంచీ మీద కూలబడిన అక్క ఉలిక్కిపడింది.

పక్కన మాసిన గడ్డంతో ఒక పెద్దాయన.

తన కిడ్నీలో రాయి ఉందని అక్కకే ఇప్పుడు తెలిసింది. లోపలి మాటలు తలుపు దాటి వినిపిస్తాయని ఆమెకి తోచలేదు. గబగబా లేచి వార్డులోకి వెళ్ళిపోయింది.

మంచం మీద తమ్ముడు. రెండు కిడ్నీలూ పాడై మొహం ఉబ్బి, కాళ్ళకి నీరు పట్టి, మనిషి ఆనవాలు తెలియడం లేదు. ఇంట్లో అందరినీ పరీక్షిస్తే వాడికి సరిపోయింది అక్క కిడ్నీ ఒక్కటే.

విషయం విని తమ్ముడు నవ్వాడు. "నీ గుండెలోనే రాయి ఉందనుకున్నా. కిడ్నీలోనూ ఉందా?"

అక్కకి నవ్వు రాలేదు.

డాక్టరు వద్దంటే వీడి గతేంటి? సరేనంటే, మిగిలిన ఒక్కదాంట్లో రాయి పుడితే తన పిల్లల గతేంటి?

మర్నాడు మందుల షాపు దగ్గర మళ్ళీ ఆ పెద్దాయనే.

"భయపడకమ్మా. రాయి ఉన్నా ఇవ్వొచ్చు. నువ్వు మాత్రం వెనక్కి తగ్గకు."

"మీకెందుకండీ ఇదంతా?"

"ఊరికే. నీళ్ళు బాగా తాగు తల్లీ."

అక్క రెండడుగులు వెనక్కి వేసింది. కిడ్నీ బ్రోకర్లు ఇలాగే మెత్తగా మాట కలుపుతారని ఎవరో అనగా వింది. రేపు తమ్ముడికి కాదు, ఇంకెవరికో ఇమ్మంటాడేమో.

తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. "ఆయన నా వెంట పడుతున్నాడు. బ్రోకరులా ఉన్నాడు."

సెక్యూరిటీ అతను కొత్తగా చేరినవాడు. పెద్దాయన రెక్క పట్టుకుని బయటికి పంపేశాడు.

మిగతా పరీక్షలయ్యాక డాక్టరు పిలిచాడు.

"మీకు మళ్ళీ రాళ్ళు పుట్టే లక్షణాలేం కనపడలేదు. రాయి ఉన్న కిడ్నీనే బయటికి తీసి, ఐసులో ఉంచి, ఆ రాయి తీసేస్తాం. ఆ తర్వాతే మీ తమ్ముడికి పెడతాం."

"తీసేటప్పుడు పాడైతే?"

"కాదని ఒట్టేయలేను. ఇంతవరకూ కాలేదు."

థియేటర్లోకి తోసుకెళ్తుంటే అక్క గట్టిగా కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి నర్సు ఎదురుగా ఉంది. "మీ తమ్ముడి కిడ్నీ పనిచేస్తోందమ్మా."

అక్క దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చేసింది.

ఇంటికి పంపేరోజు డాక్టరు అన్నాడు. "మీ సంగతి చెబుదామని ఒక పెద్దాయన కోసం వెతుకుతున్నాను. స్కానింగ్ గది దగ్గర కూర్చుని మీలాంటివాళ్ళకి ధైర్యం చెప్పేవారు. ఎవరో బ్రోకరన్నారట, ఇక రాలేదు. ఇంటికి మనిషిని పంపితే, ఖాళీ చేసి వెళ్ళిపోయారన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలీదు."

అక్క తలదించుకుంది. "ఎవరండీ ఆయన?"

"కూతురికి కిడ్నీ ఇస్తానని వస్తే, రాయి ఉందని నేనే వద్దన్నాను. ఇంకొకటి దొరికేలోపు ఆ అమ్మాయి పోయింది."

డాక్టరు అక్క కేసు కాయితాలు మూశాడు.

"ఇంకెవరినీ అలా వెనక్కి పంపొద్దని నా వెంటపడి, ఐసులో ఉంచి రాయి తీసే ఈ పని నేను నేర్చుకొచ్చేదాకా వదలని మనిషి ఆయన."