రెండో డిస్కు

“ఏమండీ, లాగకండి!” సర్వర్ గదిలోకి వస్తూనే కేక పెట్టింది భార్య. ఇద్దరిదీ అక్కడే ఉద్యోగం.

పాడైన డిస్కు మీద అతని చెయ్యి ఆగిపోయింది. ఆసుపత్రి స్కాన్లన్నీ ఈ జంట డిస్కుల్లోనే ఉన్నాయి, దేనిలో చూసినా అవే. ఒకటి తీసేస్తే రెండోదే దిక్కు.

“వారంగా హెచ్చరికలతో గోల పెడుతున్నది ఇదేగా! రెండోది ఇంతవరకూ నోరెత్తలేదు. బంగారం.”

“దాన్ని కూడా చూడమని సర్వర్‌ని నడిపే లినక్స్‌కి చెప్పారా?”

అతను రోజువారీ పరీక్ష మొదటి డిస్కుకే పెట్టాడు. గబగబా రెండోదాన్ని పరీక్షించాడు. మొదటిదానికన్నా అదే ఎక్కువ చెడిపోయింది.

“ఒక్క ముక్కైనా చెప్పలేదే!”

“అడిగితేగా చెప్పడానికి,” అంటూ ఆమె అంతా వేరే చోటికి కాపీ చేయడం మొదలుపెట్టింది.

కొన్ని నెలలుగా ఇంట్లో ఆమె కూడా నోరెత్తలేదని అతనికప్పుడు తట్టింది.

“నువ్వు... ఎలా ఉన్నావు?”

కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి.