వెనకే వస్తున్నవాడు

పద్మనాభం ఊరు ఇంకా రాకముందే సన్యాసిరాజుకి అనుమానం మొదలైంది. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఆ సైకిలువాడు ఎంతసేపటి నుంచో వెనకే వస్తున్నాడు. తను నెమ్మదిస్తే వాడూ నెమ్మదిస్తాడు, జోరుగా తొక్కితే వాడూ తొక్కుతాడు. దాటిపోడు, అలాగని వెనకబడడు. కోటు మెడ దాకా బిగించుకోవడంతో చొక్కా మీది నెంబరు కూడా కనబడదు.

బంగాళాఖాతంలో అల్పపీడనం. ఒకటే వాన, దానికి తోడు చలిగాలి. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకే రోజు పూర్తి చేయాల్సిన ట్రయథ్లాన్ అది. పొద్దున్నే సముద్రంలో ఈత కాగానే కుర్రాళ్ళంతా ఆదరాబాదరా సైకిళ్ళెక్కి పోతుంటే, సన్యాసిరాజు గుడారంలో పెళ్ళికొడుకులా తీరిగ్గా ముస్తాబయ్యాడు. కాళ్ళకి ఆవనూనె పట్టించాడు. చొక్కా లోపల రొమ్ముకి అడ్డంగా పాత పేపర్లు దోపుకున్నాడు. మేజోళ్ళ మీద పాలిథిన్ కవర్లు తొడిగి, అప్పుడు బూట్లు వేసుకున్నాడు. ఉన్ని గ్లౌజుల మీద, భార్య రోజారమణి అంట్లు తోముకునే రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు. ఎవరో ఫొటో తీసి నవ్వారు కూడా. నవ్వే నోళ్ళని మూయలేం కదా అనుకున్నాడు. అతను బయల్దేరేసరికి స్టాండులో ఇంకా చాలా సైకిళ్ళున్నాయి. వాటిని చూశాక ప్రాణం లేచొచ్చింది. అంటే తన వెనక ఇంకా మనుషులున్నారన్నమాట.

అతనికి కావలసింది అదొక్కటే. పోర్టు ఆఫీసులో ప్రమోషన్ వచ్చినవాళ్ళలో ఆఖరు తనే. పెళ్ళి భోజనాల్లో తనకి దొరికేది ఆఖరి బంతే. కిందటేడు ఇదే పోటీలో ఆఖరివాడూ తనే. ఆ ముచ్చటని బావమరిది దేవీప్రసాద్ ఏ శుభకార్యానికి వెళ్ళినా అందరికీ వడ్డిస్తూనే ఉన్నాడు. ఈసారీ అంతే అయితే సైకిలు అటకెక్కాల్సిందేనని రోజారమణి తేల్చి చెప్పేసింది. బహుమతి మీద సన్యాసిరాజుకి ఆశ లేదు. తన వెనక ఒక్కడంటే ఒక్కడు మిగిలితే చాలు. తీరా చూస్తే, వెనక కనబడుతున్నది ఈ పసుపు కోటువాడొక్కడే. వాడు దాటాడా, కథ కంచికే.

పద్మనాభం మలుపు తిరగగానే గాలి ఎదురుకొట్టింది. వాడి ఎత్తు అప్పుడు అర్థమైంది. తనని అడ్డం పెట్టుకుని గాలి తప్పించుకుంటున్నాడు. ఇలాగే ఒళ్ళు దాచుకుని, ఆఖర్న ఒక్క ఊపులో దాటేస్తాడు. ఇంకొకడి వీపు చాటున తొక్కడం నిబంధనలకి విరుద్ధం. ఫిర్యాదు చేద్దామంటే దారిలో చెప్పుకోడానికి ఒక్క మనిషైనా కనబడితే కదా.

దారిలో పోటీవాళ్ళకి మంచినీళ్ళిచ్చే బల్ల దగ్గరివాళ్ళ వాలకమూ బాగోలేదు. బల్ల మడిచేస్తున్నవాళ్ళు కాస్తా అతన్ని చూసి గబగబా మళ్ళీ విప్పారు. వేడి టీ చేతిలో పెట్టి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అతనికి వెటకారంగానే తోచాయి. పసుపు కోటువాడు పక్కకి వెళ్ళి వాళ్ళతో ఏదో గుసగుసలాడాడు. అందరూ ఒకటేనన్నమాట అనుకుని, నాలుక చుర్రుమంటున్నా టీ గటగటా తాగేసి సైకిలెక్కాడు.

ఇంకాస్త దూరం పోయాక పోటీవాళ్ళ వ్యాను ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ ఊరి వైపు దూసుకుపోయింది. అద్దాలకి ఆవిరి పట్టి లోపల ఎవరున్నదీ తెలియలేదు గానీ, పైన టార్పాలిను కింద సైకిలు చక్రాలు కనబడ్డాయి. కొందరు దర్జాగా వ్యానులో పోయి ఊరి పొలిమేరలో దిగి తొక్కుతారు కాబోలు. సన్యాసిరాజుకి కడుపు మండిపోయింది.

అంతలో వెనక ఫోను మోగింది. పోటీలో ఫోను వాడకూడదు. సన్యాసిరాజు చెవులు రిక్కించాడు.

"ఉన్నాడండి, నా ముందరే ఉన్నాడు. లేదు, ఇంకా దిగలేదు," అంటున్నాడు పసుపు కోటువాడు.

తను ఎప్పుడు కూలబడతాడా అని కాచుకుని కూర్చున్నారన్నమాట. పేపర్లు తడిసి ముద్దయి పొట్ట మీదకి జారిపోయాయి. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా ఆగలేదు. ఆవేళ అతన్ని వెచ్చగా ఉంచింది ఆవనూనె కాదు, అనుమానం.

మద్దిలపాలెం దగ్గరపడ్డాక ఇక ఓర్చుకోలేక సైకిలు రోడ్డుకి అడ్డంగా ఆపేశాడు.

"ఏటి బాబూ నీ ఎత్తు? పొద్దున్నుంచీ నా ఎనకాలే తగులుకున్నావు. దమ్ముంటే దాటెల్లిపో."

ఆ మనిషి టోపీ వెనక్కి తోశాడు. నెరిసిన జుట్టు, అలిసిన మొహం. తన పేరు ఎల్లారావని చెప్పి, కోటు గుండీలు విప్పి చూపించాడు. చొక్కా మీద నెంబరే లేదు.

"నాను దాటకూడదు సార్. నాను పోటీలోనోణ్ణి కాను. ఆకరోడి ఎనకాల రావడమే నాకిచ్చిన డ్యూటీ. ఆ మనిషి ఆగిపోతే వ్యానుకి కబురు సెయ్యాల."

సన్యాసిరాజు సైకిలు దిగాడు. మరి స్టాండులో ఉన్న సైకిళ్ళ సంగతేమిటని నీరసంగా అడిగాడు. వాళ్ళంతా ఈతకే వణికిపోయి ఇళ్ళకెళ్ళిపోయారని ఎల్లారావు చెప్పాడు.

అంటే మళ్ళీ తనే ఆఖరు. సన్యాసిరాజు రోడ్డు పక్క గట్టు మీద కూలబడి, రబ్బరు గ్లౌజులు పీకి పక్కన పడేశాడు. దేవీప్రసాద్ నవ్వు అప్పుడే చెవుల్లో వినబడుతోంది. ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియదులే అని కాసేపు ఏడ్చాడు కూడా.

"ఫోన్ సేసెయ్ బాబూ. వ్యానుని రమ్మను," అన్నాడు. "నా వల్ల కాదు. ఎన్నేళ్ళు తొక్కినా నాను ఆకరోణ్ణే."

ఎల్లారావు ఫోను తీయలేదు. కింద పడ్డ గ్లౌజులు ఏరి, నీళ్ళు విదిలించి, ఒక్కొక్కటే అతని చేతులకి మళ్ళీ తొడిగాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ముందెల్లినోళ్ళంతా సలికి తట్టుకోలేక పోటీ ఒగ్గేసి ఎప్పుడో వ్యానెక్కేసినారు సార్."