గుడారంలో తారీకు

చిన్నమ్మలు కొండెక్కి గుడారం దగ్గరికి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. వరహాలరావు అప్పుడే పడుకోబోతున్నాడు. రాత్రంతా మేలుకుని పగలు పడుకోవడమే అతని ఉద్యోగం. భూమి ఎప్పుడూ ఒకే తీరున తిరుగుతోందా అని అతని దొరకి అనుమానం. అది తేల్చడానికి ఇద్దరూ అరకు కొండ మీద కూర్చుని, చంద్రుడు ఏ చుక్కని ఏ క్షణాన కప్పేస్తాడో నెలల తరబడి కనిపెడుతున్నారు. ఈ మధ్య వరహాలరావుకి దేనిమీదా ఏమీ అనిపించడం లేదు.

"బాబూ, ఈవేళ తారీకెంత?" అంది చిన్నమ్మలు.

సంత రోజు తప్ప ఆమెకి ఇంకే రోజుతోనూ పని పడలేదు. ఇప్పుడు పడింది. ఫారెస్టు గార్డు చచ్చిపోయిన కేసులో కొడుకు గాసికి అండమాను వేశారు. పదో తారీకు సాయంత్రం దిగువ ఠాణా నుంచి తీసుకుపోతారు. ఆలోగా వస్తే చూడనిస్తామని కబురు పంపారు. ఠాణా ఒక పూట నడక. ఆ తర్వాత ఈ జన్మలో చూడటం ఉండదు.

"తొమ్మిది" అన్నాడు వరహాలరావు.

"సరిగ్గా సూసి సెప్పు బాబూ. మా గుంటడి కోసం."

అతను లోపలికెళ్లి దొరని కూడా అడిగి వచ్చాడు.

"తొమ్మిదేనమ్మా."

"అయితే రేపెల్తాను."

ఇంటికి పోయి చోళ్లు విసిరింది. రొట్టెలు కాల్చింది. గాసికి మాడినవే ఇష్టం. తెల్లారగట్ల మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది.

ఠాణాలో ఖైదీలని పెట్టే కొట్టు తలుపు తెరిచి ఉంది. కానిస్టేబుల్ అప్పన్న లోపల ఊడుస్తున్నాడు.

"మా గాసేడి బాబూ?"

"నిన్న సాయంత్రమే తీసుకుపోనారు."

"పదో తారీకన్నారు గదా."

"నిన్నే పది. ఈవేళ పదకొండు."

ఆమెకి ఏడుపు రాలేదు. మూట దించడం కూడా తోచలేదు.

"కొండమీద గుడారం బాబు నిన్న తొమ్మిదన్నాడు. ఆ బాబు అబద్దమాడే మనిసి కాదు" అని మాత్రం అంది.

అప్పన్నకి మాత్రం ఒళ్లు మండింది. ఆ వారమే కొండెక్కి వచ్చి వరహాలరావుని నిలదీశాడు.

"ముసల్దానికి అబద్దం ఎందుకు సెప్పినావు?"

వరహాలరావు తెల్లబోయాడు. అతను అబద్ధం చెప్పలేదు. వాళ్ల గడియారం చెడిపోలేదు, లెక్కా తప్పలేదు.

ఆ రోజుల్లో నక్షత్రాలు చూసేవాళ్లకి కొత్త తారీకు అర్ధరాత్రి కాదు, ఆ తర్వాత వచ్చే మిట్టమధ్యాహ్నం మొదలయ్యేది.