నీలం పెట్టెలు

"అగ్గిపెట్టంత డబ్బా లేకుంటే మిల్లే నడవదా? ఏందమ్మా నీ చదువు!"

ఆళ్లగడ్డ నూనె మిల్లు మేనేజరు కేశవ చేతిలోని నీలం పెట్టెను కంట్రోల్ రూము బల్లమీదికి గిరాటేశాడు.

సలోమి పళ్లు బిగబట్టింది. నంద్యాల హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇంజనీరు ఆమె. రిపేర్లయిన మిల్లు మళ్లీ మొదలు కావాలంటే ఆమె సరే అనాలి. ఒక ఆడపిల్ల ఊ అనేదాకా కాచుక్కూర్చోవడం కేశవకు మింగుడుపడటం లేదు.

మిల్లు వెనక హాల్లో, గింజలు ఆడించగా వచ్చిన చెక్కలో మిగిలిన నూనెను హెగ్జేన్ పోసి లాగుతారు. హెగ్జేన్ అంటే పెట్రోలుకు తోబుట్టువు. దాని ఆవిరి తేలే చోట ఒక్క నిప్పురవ్వ చాలు. హాల్లోని మీటర్ల నుంచి కంట్రోల్ రూముకు తీగలు వస్తాయి. ఇక్కడ ఏదైనా తేడా చేసి తీగలో కరెంటు పెరిగితే, అది హాల్లోకి పోకుండా ఆపేవే ఆ నీలం పెట్టెలు.

మీటర్లు సరిగ్గా చూపడం లేదని, రిపేర్లలో కేశవ ఆ పెట్టెలన్నిటినీ పీకించేశాడు. తీగకు తీగ మెలిపెట్టించాడు. పైగా అదేదో ఘనకార్యమైనట్టు చెప్పుకుంటున్నాడు.

"కొత్తవి వచ్చేదాకా ఆగండి సార్. లోపల మనుషులుంటారు."

"బళ్లో పిల్లోళ్లకు పాఠం చెప్పినట్టు చెప్తాండావే! పుస్తకంలో పుట్టిన నిప్పుకు మిల్లు కాలదులేమ్మా."

పైరవీతో కుర్చీ ఎక్కిన ఘనుడు. మీటరుకూ గోడ గడియారానికీ తేడా తెలియదు. వాసన నూనెతో నిగనిగలాడే ఆ జుట్టు కింద ఇంకేమీ లేదని సలోమికి మొదటి రోజే అర్థమైంది. ఇక ఊరుకోలేకపోయింది.

"మీకు మనిషి ప్రాణమంటే లెక్కలేదు సార్."

కేశవ నవ్వు ఆగిపోయింది. లేచి కిటికీ దగ్గరికి రమ్మన్నాడు. కింద హాల్లో ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న మనిషి, వీపు ఇటు పెట్టి, వాల్వు తిప్పుతున్నాడు.

"అదో, ఎర్ర హెల్మెట్. మా అజయ్ కుమార్. నాకుండేది వాడొక్కడే. ఆడ భయముంటే కన్నకొడుకును పెడ్తానా? నువ్వే చెప్పమ్మా."



సలోమికి తన మీద తనకే కోపమొచ్చింది. ఛీ, ఎంత మాట అనేసింది! మొరటోడే, మూర్ఖుడే, కానీ తండ్రి. ఇంత ధైర్యంగా కొడుకును నిలబెట్టాడంటే తనదే చాదస్తమేమో. నంద్యాలకు ఫోను చేసింది.

"మొదలుపెట్టొచ్చు సార్."

మోటార్లు అందుకున్నాయి. హెగ్జేన్ పైపుల్లోకి దూకింది. సలోమికి మనసు ఊరుకోలేదు. మెట్లు దిగి హాల్లోకి వెళ్లింది.

"అజయ్, ఇందాక మీ నాయన్ను నోటికొచ్చినట్టు అన్నాను. ఏమీ అనుకోవద్దని చెప్పు."

ఎర్ర హెల్మెట్ ఇటు తిరిగింది.

"నేను మిడుతూరు సాల్మన్ రాజునమ్మా, కూలికొచ్చినా, నీలం పెట్టెలు పీకిన రోజే అజయన్నను వాళ్ల నాయన నంద్యాల గోడౌనుకు మార్పించె గదా!"