లోపలి ఫొటో

"జిప్పు బాగుంది, కుట్లు సమంగా ఉన్నాయి. లోపలి గుడ్డ చూపించమను," అన్నాను మనవరాలితో.

ఎవరో వాడిన ఖరీదైన హ్యాండ్‌బ్యాగును ఫోన్లో చూసి మనసు పారేసుకుంది. అమ్మే ఆవిడ పేరు చెప్పదు. లోపల చూపించమంటే మళ్లీ బయటి ఫొటోయే పంపుతుంది. నాకు ఒళ్లు మండింది.

"నకిలీ కాబట్టే దాస్తోంది. మానెయ్."

"నిన్ను పోలీసుల్లో చేర్చుకోవాల్సింది నాన్నమ్మా. ఆఖరిసారి అడుగుతా."

ఈసారి వచ్చింది. ఎర్రటి లోపలి గుడ్డకు చిరుగు, దాని మీద ఎర్ర దారం దొరక్క పచ్చ దారంతో నేను వేసిన కుట్టు. "డబ్బుకి నాకు ఏ ఇబ్బందీ లేదమ్మా" అంటూనే, రైల్లో పోయిందని నా కూతురు చెప్పిన బ్యాగు.

"నకిలీదేనా?" అంది మనవరాలు.

"అసలుదే. బేరమాడకుండా అడిగినంతా ఇచ్చెయ్. ఇంకే ఫొటోలూ అడగకు."