ఆగ్నేయం మూల నాపరాయి

ముసలాయన గేటు తోసుకుని లోపలికి వచ్చి, తిన్నగా ముగ్గుగీతను తొక్కాడు.

జగన్మోహనరావుకు ఒళ్ళు మండింది. బాట కోసం పొద్దుటినుంచీ నడుం వంచి, దారం పట్టి గీసిన గీత అది.

ఏలూరులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు రిటైరై, తాడేపల్లిగూడెం శివార్లో ఒక షావుకారు దగ్గర స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడాయన. ఇల్లయింది. ఇక మిగిలింది ముంగిట్లో తోట.

తోట షోకు కోసం కాదు. భార్య సీతారావమ్మకు నిరుడు టైఫాయిడ్ వచ్చి తగ్గింది గాని, మనిషి గది విడిచి రావడం మానేసింది. ఎవరొచ్చినా మంచం మీదినుంచే మాట. ఆరుబయట కూర్చోబెట్టకపోతే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

అందుకని ఏలూరులో ఒకప్పటి దొరగారి బంగళా ముందు తాను రోజూ చూసిన తోటను అచ్చుగుద్దినట్టు ఇక్కడ దించాలనుకున్నాడు. గేటునుంచి గుమ్మందాకా తిన్నగా బాట, అటూ ఇటూ క్రోటన్లు, నడిమధ్య సిమెంటు తొట్టి. అది చూసైనా ఆవిడ బయటికి వస్తుందని ఆశ.

“మేస్త్రి పంపాడా?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గునపం ముసలాయన చేతికిచ్చాడు.

ఆయన గునపం తీసుకున్నాడు గాని తవ్వలేదు.

“ఇటు బాట ఎయ్యకండి బాబుగారూ. శ్రావణంలో నీళ్ళన్నీ ఇటే వత్తాయి. దక్షిణం పక్కగా వంపు తిప్పి ఎయ్యండి.”

జగన్మోహనరావు నవ్వేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఒకసారి గీసిన గీత చెరపడం ఆయన సర్వీసులోనే లేదు. గీత మీదే తవ్వమన్నాడు.

ముసలాయన తవ్వాడు.

పేరు పెద్దింటయ్యట. కొల్లేటి లంకలో కూతురు అమ్మాజీ దగ్గర ఉంటున్నాడట. ఈ సంగతులన్నీ రాబట్టింది సీతారావమ్మ. ఆవిడ కిటికీ దగ్గరికి జరిగి ముసలాయనతో కబుర్లు మొదలుపెట్టింది. మల్లెపాదు ఎక్కడ వెయ్యాలని అడిగితే, ఆయన మొక్క సంగతి పక్కన పెట్టి, అమ్మగారు మధ్యాహ్నం ఎన్నింటికి లేస్తారు, కాఫీ ఎన్నింటికి తాగుతారు అని వాకబు చేశాడు. మల్లెకూ కాఫీకీ ఏమిటి సంబంధమని ఆవిడ ఫక్కున నవ్వింది.

ఏడాది తర్వాత ఆవిడ నోట వినిపించిన నవ్వు అది. జగన్మోహనరావు విన్నాడు. విని కూడా గీతలు సరిచూసుకుంటూ ఉండిపోయాడు.

మూడో రోజు ఆయన బజారునుంచి వచ్చేసరికి, సిమెంటు తొట్టికి తవ్వమన్న చోట ఒక్క పెళ్ళ కూడా లేవలేదు. పెద్దింటయ్య మాత్రం ఇల్లు కట్టగా మిగిలిన నాపరాయిని ఆగ్నేయం మూలకు ఈడ్చుకుపోయి, ఇటికలు పేర్చి వాటి మీద బల్లలా పరుస్తున్నాడు. పక్కనే మల్లెపాదు.

“ఇదేమిటి?”

“అమ్మగారు కూకోడానికండి. నాలుగయ్యేసరికి ఇంటి నీడ ఇక్కడిదాకా వత్తది. సముద్రపు గాలి సరిగ్గా ఈ మూలకే తగులుద్ది.”

జగన్మోహనరావుకు కోపం నషాళానికంటింది.

“ఇల్లు నాదా, నీదా?”

పెద్దింటయ్య చేతిలో ఇటికను కింద పెట్టాడు.

“మీదేనండి,” అన్నాడు. చేతులు దులుపుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దమనిషిని అంత మాట అనాల్సింది కాదంది సీతారావమ్మ. ప్లాను లేకపోతే అది తోట కాదు, అడవి అన్నాడాయన. ఆవిడ మళ్ళీ మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

వేరే కూలీలు వచ్చి తోటను గీత ప్రకారం ముగించారు. నాపరాయిని మాత్రం మోసే ఓపిక లేక వదిలేశారు.

శ్రావణం వచ్చింది. రెండు రోజుల ముసురుకే బాట మోకాలి లోతు కాలవైంది. క్రోటన్లు నిలువునా కుళ్ళాయి. సిమెంటు తొట్టిలో కప్పలు కాపురం పెట్టాయి.

వాన వెలిసిన సాయంత్రం జగన్మోహనరావు గదిలోకి తొంగిచూస్తే మంచం ఖాళీ. పెరడంతా వెతికి ముంగిట్లోకి పరిగెత్తాడు.

ఆగ్నేయం మూల నాపరాయి మీద కూర్చుని సీతారావమ్మ కాఫీ తాగుతోంది.

“ఏవండీ, ఇలా వచ్చి కూర్చోండి. గాలి ఎంత హాయిగా ఉందో,” అంది.

ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఆనందానికి కళ్ళు చెమర్చాయి, వెనకే సిగ్గూ ముంచుకొచ్చింది.

మర్నాడు భీమడోలు దాకా రైలెక్కాడు. అక్కణ్ణుంచి బండి, ఆపైన దోనె పట్టుకుని లంకకు చేరాడు. ముసలాయన్ని మన్నించమని అడిగి, వెంటబెట్టుకొచ్చి, తోటంతా ఆయన చెప్పినట్టే మళ్ళీ వేయించాలని.

అమ్మాజీ రేవు ఒడ్డున వల బాగుచేసుకుంటోంది. నాన్న పోయి నెలయిందని చెప్పింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది జగన్మోహనరావుకు. తాడేపల్లిగూడెంలో తమ ఇంట ముసలాయన మూడు రోజులు కూలికి చేశాడని, మంచి చెప్పినందుకు తాను ఇంతలేసి మాటలు అని పంపేశానని దాచకుండా చెప్పుకున్నాడు.

అమ్మాజీ వల పక్కన పెట్టి ఆయన వంక వింతగా చూసింది.

“కూలికి కాదండి, మా అమ్మ పోయాక అమ్మేసుకున్న మా ఇంటి స్థలమండి అది, కొత్తగా వచ్చినోళ్ళకి నీరెటు వత్తదో గాలెటు వత్తదో తెలీదు, చెప్పొత్తానని బయల్దేరాడు.”