మాస్టారి పలుకు

మాస్టారు పోయినా ఆయన పలుకు ఆ పాత ఎలక్ట్రిక్ గిటార్‌లోనే ఉండిపోయిందని అందరూ నమ్మేవారు. ఏళ్ల తరబడి ఆయన వేళ్ల కింద మోగి మోగి, లోపలి రాగితీగకు సైతం ఆయన వరస అలవాటైపోయిందట. ఇక ఎవరు మీటినా పలికేది ఆయనేనట.

ఆ మాటే నిజమైతే మాస్టారిని రెండోసారి చంపింది తానేనని, ఆయన ఇంటి హాల్లో గోడకు ఆనుకుని నిలబడ్డ గిటార్ మెకానిక్ లోలోపల కుమిలిపోతున్నాడు. ఎదురుగా శిష్యుడు గిటార్ ఒళ్లో పెట్టుకుని యాంప్లిఫయర్‌కు వైరు తగిలిస్తున్నాడు. సాయంత్రం సంస్మరణ సభలో దాన్ని వాయించబోయేది అతనే.

మెకానిక్‌కు అప్పగించింది స్ట్రింగులు మార్చే పని మాత్రమే. మార్చాక, సరిచూడటానికని ఒకసారి మీటాడు. ఆ మోత అతన్ని వదల్లేదు. అరిగి నునుపెక్కిన చెక్క బొటనవేలిని తనంతట తానే చోటుకు చేర్చింది. ఒక్క స్వరం తీస్తే అది గదంతా తిరిగి, తీరిగ్గా ఆరింది. తనకు రాని పాటలు కూడా దీనిమీద వచ్చేస్తాయేమో అనిపించింది. షాపు తలుపు దగ్గరకు వేసి మధ్యాహ్నమంతా వాయించాడు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ తీపి ఎక్కడినుంచి వస్తోందో చూద్దామని, స్ట్రింగుల మోతను పట్టే పికప్‌ను విప్పాడు. స్క్రూడ్రైవర్ జారింది. వెంట్రుకకన్నా సన్నని రాగితీగ తెగింది. గుట్టుచప్పుడు కాకుండా కొత్త తీగ చుట్టి మూసేశాడు.

శిష్యుడు వాయించడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

“మాస్టారే, అన్నా. అచ్చం మాస్టారే. లోపల ఏమీ కెలకలేదు కదా?”

“స్ట్రింగులే మార్చాను.”

“బతికించావు. కెలికి ఉంటే మొదటి మీటుకే పట్టేసేవాణ్ని. నా చెవి సంగతి నీకు తెలియనిది కాదు.”

మెకానిక్‌కు నవ్వు కూడా రాలేదు. ఆ చెవిని నమ్ముకునే సాయంత్రం జనమంతా వచ్చి కూర్చుంటారు. అతను అక్కడ నిలవలేక వంటింట్లోకి వెళ్లాడు. మాస్టారి భార్య కప్పులు కడుగుతోంది.

“అక్కా, ఒక్క మాట.”

“ఏం తమ్ముడూ, మొహం అలా పెట్టావు? కాఫీలో పంచదార మరిచిపోయానా?”

“తప్పు చేశానక్కా. గిటార్ లోపలి తీగ తెగ్గొట్టాను. ఇప్పుడున్నది నేను చుట్టింది. మాస్టారి పలుకును నా చేతులారా పోగొట్టాను. సభలో అందరికీ చెప్పేస్తాను. ఇక ఎవరూ నన్ను నమ్మి పని ఇవ్వకపోయినా సరే.”

ఆవిడ కుళాయి కట్టేసింది. హాల్లోకి తొంగిచూసి, తలుపు మూసి వచ్చింది.

“సభలో చెప్పకు.”

“ఎలా దాచమంటావక్కా? తిన్నది గొంతు దిగట్లేదు.”

“నాకు దిగక చాలా కాలమైంది.” తడి చేతులు చీర చెంగుకు తుడుచుకుంటూ ఆవిడ గొంతు తగ్గించింది. “మాస్టారు ఆసుపత్రిలో ఉండగానే, ఆయనకు చెప్పకుండా ఆయన గిటార్ అమ్మేశాను. పోయాక, వచ్చినవాళ్లంతా దాన్నే చూపించమంటుంటే, అమ్మేశానని చెప్పలేకపోయాను. వెతికి వెతికి అలాంటి పాతదే ఇంకొకటి కొన్నాను. దీన్ని ఆయన ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.”